విద్యుద్దీప్తి

‘ఎలెక్ట్రోల్యూమినిసెన్స్’ అనే మాటకు నేను పెట్టుకున్న పేరు ‘విద్యుద్దీప్తి’. ఇంతకంటె మంచిమాట మీకెవరికైనా తోస్తే చెప్పగలరు.

పగలు ఎండను గ్రహించి విద్యుత్తునిచ్చే సౌరఫలకానికి, రాత్రిపూట మనమే విద్యుత్తునిస్తే అది వెలుగును వెలువరిస్తుంది! సుమారు 1150 నానోమీటర్ల పరారుణ కాంతి గనుక మన కంటికి ఆనదు. పరారుణాన్ని అడ్డుకొనే వడపోతను తొలగించిన కెమెరాకు చిక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్న సిలికాన్ గడి మెరుస్తుంది. చిట్లి, తీగలతో సంబంధం తెగిన భాగం నల్లగా మిగిలిపోతుంది. గడి మందం మిల్లీమీటరులో అయిదోవంతు మాత్రమే మరి. పైనున్న అద్దం చెక్కుచెదరకున్నా లోపల అది చిట్లవచ్చు.

మా డాబామీద 2015లో పెట్టించిన ఫలకాలు ఎనిమిది. వానరసైన్యం వాటిపై చేయని విన్యాసం లేదు. ఏటా అర శాతం అటూఇటూగా తగ్గడం ఫలకాలకు సహజ వార్ధక్యమేనట. నిరుడు మావాటి తరుగు దానికి ఎంతో మించిపోయింది. “ముసలివైపోయాయి మాస్టారూ, అన్నీ మార్చాల్సిందే” అన్నాడు అమర్చినతను. పింఛనుతో బ్రతికేవాడికి అది చిన్నమాటా?

ఇంజనీరైన మా మేనల్లుడు “ఒక్క బోల్టూ విప్పకుండా చూద్దాం, మామయ్యా” అంటూ అమావాస్యనాడు కెమెరాతో వచ్చాడు. ఫొటోల్లో ఆరు ఫలకాలు నిండుగా వెలిగాయి. రెండింటిలో మాత్రం ఎండుకొమ్మల వలె నల్లని చీలికలు. ఒకే వరుసలో కలిపినవి గనుక, ఆ రెండింటి బలహీనత తక్కినవాటినీ వెనక్కు లాగిందన్నమాట.

బొమ్మలు చూశాక అమర్చినతను మారుమాటాడలేదు. ఆ రెండింటినే మార్పించాను.