తీరం వెంబడి

ప్రబంధ కవులు చేయవలసిన అష్టాదశ వర్ణనలలో సముద్ర వర్ణన ఒకటి. నా పరిశోధన కూడా ఆ వర్ణనల మీదనే సాగింది. నాలుగేండ్లపాటు గ్రంథాలయంలో కూర్చొని, కవులు కల్పించిన కెరటాలను ఒక్కొక్కటిగా పరిశీలించి డాక్టరేటు పట్టా పుచ్చుకొన్నాను. అయితే ఉద్యోగరీత్యా విశాఖపట్నం చేరిన తరువాత గాని సముద్రపు వాసన ఎట్లుంటుందో నాకు తెలియలేదు.

2011లో, మీ వంటి విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దగా వచ్చిన పారితోషికంతో ఒక డిజిటల్ కెమెరా కొన్నాను. అప్పటి నుండి ఆదివారాలు నావి కాకుండా పోయాయి. జంతుశాస్త్రం బోధించే మిత్రుడొకరు తోడుగా, తెల్లవారుజామున బస్సెక్కి భీమిలి దారి పట్టేవాళ్ళం. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగటం, ఎండ ముదిరేదాకా నడవటం, మధ్యాహ్నానికి ఏదో ఒక పూటకూటి ఇల్లు వెతుక్కోవటం. ఇంతకు మించి మాకు ప్రణాళిక ఉండేది కాదు.

పక్షులను చూడటంలో నేను మొదటి నుండి మందమతిని. ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి వర్ణన చదివినవారికి ఒక తమాషా గుర్తుండే ఉంటుంది. కాలువ గట్టున రెక్కలలో తల దూర్చుకొని నిద్రపోతున్న బాతులను చూసి, వేకువ స్నానాలకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలని కావలివారు భ్రమపడతారు. తీసి ఇద్దామని దిగేసరికి అవి కాస్తా లేచిపోతాయి. పొలం కాచే పడుచులు నవ్వుతారు. నా విషయంలో ఇది తలకిందులయింది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, బురదలో తెల్లగా కనబడినదానిని కొంగ అనుకొని, మోకాళ్ళ మీద పాకుతూ పోయి ఇరవై చిత్రాలు తీశాను. అది ప్లాస్టిక్ సంచి. నవ్వటానికి పడుచులు లేరు గాని, ఆ లోటు మా మిత్రుడు తీర్చాడు.

క్రమంగా కన్ను కుదిరింది. నీటిపై ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, ఒక్కసారిగా రాయిలా పడే లకుముకి పిట్ట, పడవల మీద చక్కర్లు కొట్టే గరుడ పక్షి, అడుగుల సవ్వడికే కన్నంలోకి మాయమయ్యే ఇసుక పీత నా కెమెరాకు చిక్కసాగాయి. కళాశాలలో నాకు మంచి ఛాయాగ్రాహకుడనే పేరు కూడా వచ్చింది. ఆ పేరే నన్ను చెడగొట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

2013 ఫిబ్రవరిలో ఒక రాత్రి మేము భీమిలికి ఇవతల ఒక మత్స్యకారుల పల్లె దగ్గర ఇసుకలో కాచుకొని కూర్చున్నాము. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి మన తీరానికి వచ్చే కాలమది. సముద్రంలోనే బ్రతుకంతా గడిపే ఆ ప్రాణి గుడ్ల కోసం మాత్రమే గట్టెక్కుతుంది. వెనుక కాళ్ళతో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి వెళ్ళిపోతుంది. పిల్లల ముఖం చూడదు. కూర్మావతారాన్ని గూర్చి ఎన్నోసార్లు పాఠం చెప్పిన నేను ఒడ్డెక్కే తాబేలును ఎన్నడూ చూడలేదు.

అర్ధరాత్రి దాటిన తరువాత నురుగులో నుండి ఒక నల్లని బండ కదిలి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకొంటుంది, మళ్ళీ కదులుతుంది. ఆ నిట్టూర్పు మనిషి నిట్టూర్పులాగే వినిపించింది. పొడి ఇసుక దాకా వచ్చి గొయ్యి తవ్వటానికి సిద్ధమవుతుండగా నేను లేచాను. మిత్రుడు చేయి పట్టుకొన్నాడు. విడిపించుకొని ముందుకు పోయి, ఫ్లాష్‌తో ఒక చిత్రం తీశాను.

“లైటు ఆపండి బాబూ! బెదిరిపోతాది!” అని చీకటిలో నుండి ఎవరో అరిచారు.

అప్పటికే ఆలస్యమయింది. తాబేలు కొంతసేపు కదలలేదు. ఆ తరువాత మెల్లగా తిరిగి, వచ్చిన దారినే సముద్రంలోకి వెళ్ళిపోయింది. కడుపులోని గుడ్లు కడుపులోనే ఉన్నాయి. అరిచిన ముసలాయన మా పక్కన కూర్చున్నాడు. ఇంకొక్క మాట అనలేదు. చుట్ట వెలిగించుకొనేటప్పుడు మాత్రం సముద్రానికి వీపు పెట్టి, నిప్పు బయటికి కనబడకుండా తుండుగుడ్డ చాటు చేసుకొన్నాడు. నాకు ఆ తుండుగుడ్డ నేటికీ కళ్ళకు కట్టినట్లుంది.

చిత్రం చాలా బాగా వచ్చింది. నోటి మీది ఇసుక రేణువులు, కంటి కొసన జారుతున్న నీటిచుక్క అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ నీరు దుఃఖం వల్ల కారదు. ఒంటిలో చేరిన ఉప్పును తాబేలు ఆ విధంగా వెలికి పంపుతుందని మిత్రుడు చెప్పాడు. మరునాడు కళాశాలలో అందరూ మెచ్చుకొన్నారు. ఆ తాబేలు ఏమయిందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రెండవ తప్పు బయటపడటానికి ఆరేళ్ళు పట్టింది. ఆ తీరంలో నాకు అన్నింటికంటె ఇష్టమైన స్థలం తొట్లకొండ. కొండమీది బండలో తొలిచిన నీటితొట్ల వలన దానికా పేరు. 1976లో నౌకాదళం స్థావరం కోసం గగనతలం నుండి సర్వే చేస్తుండగా అక్కడి బౌద్ధ శిథిలాలు కనబడ్డాయి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపించింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదుల వరుసలు వెలుగులోకి వచ్చాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు దొరకటం వలన, ఆ కొండ కింద ఓడలు ఆగేవని, వర్తకులు పైకి వచ్చి దానాలు చేసేవారని పండితులు ఊహించారు. పైన నిలబడి చూస్తే ఆ ఊహ నమ్మశక్యంగానే తోస్తుంది. వానకు నిండిన తొట్టిలో ఆకాశం, దాని అవతల సముద్రం ఒకే రంగులో ఉంటాయి.

2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు ఆ మహాస్తూపం కూలింది. ఆ వారంలోనే, చరిత్ర చదువుకొంటున్న నా పూర్వ విద్యార్థిని ఒకామె ఫోను చేసింది.

“మాస్టారూ! మీ దగ్గర తొట్లకొండ ఫొటోలు చాలా ఉంటాయి కదా! స్తూపం ఏ వైపు ఎట్లా ఉండేదో తెలిసేటట్లు ఒక్కటి పంపించండి.”

ఆ రాత్రి కూర్చొని వెతికాను. నలభైకి పైగా ఉన్నాయి. పడమటి కొండల వెనుకకు దిగుతున్న సూర్యుడు, కాషాయపు మబ్బులు, ఎగిరే కాకులు, వాటి నడుమ నల్లని నీడగా స్తూపం! ఏ ఒక్కదానిలోను దాని ముఖం లేదు. ఏ వరుస ఎట్లా పేర్చారో, పగులు ఎక్కడుందో, మెట్లు ఏ దిక్కున ఉన్నాయో తెలిపేది ఒక్కటీ లేదు. నలభైసార్లు వెళ్ళి నలభైసార్లు సూర్యాస్తమయాన్నే చూసి వచ్చానన్నమాట. ఆమెకు ఏమి చెప్పాలో తెలియక, మరునాడు ఉదయం ఫోను చేసి ఉన్నమాటే చెప్పాను. “పరవాలేదు మాస్టారూ” అన్నది. ఆ తరువాత స్తూపాన్ని పునర్నిర్మించారు. అయినా, ఇప్పటిది ఎంతవరకు అప్పటిది అని ఎవరైనా అడిగితే నా చిత్రాలు సాక్ష్యం చెప్పలేవు.

రాతికి చాలినంత దగ్గరగా వెళ్ళలేదు. ప్రాణికి చాలినంత దూరంగా నిలువలేదు. ఈ లెక్క తేలిన తరువాత నేను చిత్రాలు తీసే పద్ధతి మారింది. సంచిలో ఒక పాత గొడుగు వచ్చి చేరింది. దాని పొడవు ఎనభై సెంటీమీటర్లు. తీసే ప్రతి వస్తువు పక్కన దానిని ఆనించి తీస్తాను, పరిమాణం తెలుస్తుంది. సూర్యాస్తమయాల వైపు కన్నెత్తి చూడనని చెప్పను గాని, అది పని ముగిసిన తరువాతనే.

వలందులని మన పూర్వులు పిలిచిన డచ్చివారు 17వ శతాబ్దంలో భీమిలిలో వర్తకం సాగించారు. వారి శ్మశానవాటికలోని సమాధుల మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. మిట్టమధ్యాహ్నం చూస్తే అక్కడ ఏమీ లేదనిపిస్తుంది. ఉదయపుటెండ ఏటవాలుగా పడినపుడు మాత్రం ప్రతి గీతలోను సన్నని నీడ చేరి, అక్షరం పైకి తేలుతుంది. అది అరగంట సేపే. ఆ అరగంట కోసం మూడు ఆదివారాలు వెళ్ళాను. ఒక తొండ నా గొడుగు మీద ఎండ కాచుకొంటూ ప్రతి వారమూ పర్యవేక్షించేది. దానిని కదపలేదు. ఆ చిత్రాలలో అదీ ఉంది.

ఎర్రమట్టి దిబ్బలను సైతం ఇదే విధంగా ఏటేటా ఒకే చోట నిలబడి తీస్తున్నాను. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. వేల సంవత్సరాలుగా గాలి పోసి, వాన కోసిన ఇసుక అది. చేతితో తాకితే రాలుతుంది. మొదటి చిత్రానికీ మొన్నటి చిత్రానికీ ఒక గండి గొడుగున్నర మేర వెడల్పయింది. సినిమా పాటలలో ఆ దిబ్బలను చూసినవారికి ఈ చిత్రాలు నచ్చవు.

2023 ఫిబ్రవరిలో మళ్ళీ ఆ మత్స్యకారుల పల్లెకు వెళ్ళాను. తుండుగుడ్డ ముసలాయన లేడు. ఆయన మనుమడు తాబేలు గుడ్లను పొదిగించే కేంద్రంలో కాపలా పని చేస్తున్నాడు. అతని పక్కన, ఇసుకలో, కెమెరాను సంచిలో పెట్టి కూర్చున్నాను. మూడవ జాము వేళ ఒక తాబేలు వచ్చింది. గొయ్యి తవ్వింది. చీకటికి కళ్ళు అలవాటు పడటం వలన, ఇసుక చిమ్మటం, ఒళ్ళంతా ఊపుతూ గొయ్యి పూడ్చి అదమటం లీలగా కనిపించాయి. “పెట్టేసినాది” అన్నాడు అతను గుసగుసగా. అది నీటిలో కలిసేదాకా ఇద్దరమూ లేవలేదు.

తెల్లవారిన తరువాత ఒకే ఒక చిత్రం తీశాను. ట్రాక్టరు చక్రాల జాడల వంటి రెండు చారలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. నడుమ కలబెట్టినట్లున్న ఇసుక. దాని పక్కన ఎనభై సెంటీమీటర్ల గొడుగు.