‘కాల్’ అంటే ఏ రోజు?

2019 డిసెంబరులో నేనూ మా శ్రీమతీ అండమాన్‌లోని షహీద్ ద్వీపంలో ఒక చిన్న ఇల్లు వారం రోజులకు అద్దెకు తీసుకున్నాము. 2018 డిసెంబరు వరకు ఆ ద్వీపం పేరు నీల్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ప్రభుత్వం అక్కడ భూములిచ్చింది. అక్కడి కొబ్బరితోటలూ, కూరగాయల మళ్ళూ వారి చెమటతో పెరిగినవే.

ఇంటి యజమానురాలు డెబ్భై యేళ్ళు దాటిన వృద్ధురాలు. పక్క ఇంటిలోనే ఆమె కాపురం. ఆమె మాట్లాడేది బెంగాలీ ఒక్కటే. నాకు తెలుగూ ఇంగ్లీషూ కాక, చిన్ననాడు హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక పరీక్షకు వల్లెవేసిన ముక్కలు నాలుగు వచ్చు. అయినా బేరం సులువుగానే కుదిరింది. నేను ఏడు వేళ్ళు చూపాను. ఆమె కాగితం మీద అంకె వేసింది. డబ్బు లెక్కపెట్టి ఇవ్వగానే తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆమె ‘జొల్’ అన్నది మన జలమేనని పోల్చుకుని, భాష రాకపోయినా లోకం నడుస్తుందని మా శ్రీమతి వద్ద గొప్పలు కూడా పోయాను.

దేశమంతటికీ గడియారం ఒకటే కావడం వలన శీతకాలంలో అక్కడ అయిదు దాటగానే చీకటి పడుతుంది. నాలుగవనాటి సాయంత్రం ఆ చీకటిలో ఆమె వచ్చి, ఇళ్ళవైపు చేయి చూపుతూ గబగబా ఏదో చెప్పింది. నాకు చిక్కినవి మూడే మాటలు: మేయే, జామాయ్, కాల్. జామాయ్ అంటే జామాత. అయితే మేయే కూతురు కావాలి. కాల్ అంటే హిందీలోని కల్, అనగా రేపు. రేపు కూతురూ అల్లుడూ వస్తున్నారు, ఇల్లు ఖాళీ చేయమంటున్నదని నిశ్చయించుకున్నాను.

నాకు ఒళ్ళు మండింది. ఏడు రోజుల అద్దె పుచ్చుకుని నాలుగో రోజునే వెళ్ళగొట్టడం న్యాయమా అని తెలుగులోనే అరిచాను. అంతకంటె కటువైన మాట కూడా ఒకటి నోరు జారింది. ఆమె కొంతసేపు నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వెనుదిరిగింది. ఆ రాత్రి మా శ్రీమతి పెట్టెలు సర్దింది.

తెల్లవారగానే జెట్టీ వద్దకు వెళ్ళాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న మనిషి ఒకరు తోటివానితో తెలుగులో మాట్లాడుతున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 28 మంది మాతృభాష బెంగాలీ అయితే, 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం.

అతడు నా వెంట వచ్చి, ఆమెను ‘మాసీమా’ అని పిలిచి మాట్లాడాడు. తరువాత నావైపు తిరిగి, “మిమ్మల్ని ఎల్లమన్లేదు బాబూ. కూతురూ అల్లుడూ మొన్ననే వచ్చి ఈవిడింట్లోనే దిగారంట. అల్లుడికి చేపల కూర వండాను, మీరిద్దరూ కూడా రాత్రికి బోజనానికి రండని పిలవడానికొచ్చిందంట” అన్నాడు.

హిందీలోనైనా బెంగాలీలోనైనా నిన్నకూ రేపటికీ ఒకటే మాట. పరీక్షకు చదివినదే. కాని రెండు అర్థాలున్న మాటలో నేను నా అనుమానానికి సరిపోయిన అర్థాన్నే ఏరుకున్నాను.

రాత్రి నేనన్న మాట అతనికి చెప్పి, క్షమించమని ఆమెతో చెప్పమన్నాను.

“ఆ మాట నేను చెప్పను బాబూ. తప్పయిందని మాత్రం చెబుతాను” అన్నాడతడు.

చెప్పకపోయినా ఆమెకు తెలుసు. గొంతులోని కోపానికి దుబాసీ అక్కరలేదు. ఆమె బదులు పలుకలేదు. లోపలికి వెళ్ళి, మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి మా శ్రీమతి చేతికిచ్చింది. రాత్రి మా వంతుగా తీసి ఉంచిన కూర అది.

గడువు తీరి బయలుదేరే వేళ, వెళుతున్నామని నాకు వచ్చిన హిందీలో చెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, ‘ఆషి’ అనమన్నది. నా చేత రెండుమార్లు అనిపించి గాని వదలలేదు. జెట్టీ వద్ద మన శ్రీకాకుళపు మిత్రుడు దాని అర్థం చెప్పాడు: ‘వస్తాను’.

ఇల్లు విడిచేటప్పుడు ‘పోతాను’ అనరాదనీ, ‘వెళ్ళివస్తాను’ అనాలనీ మా అమ్మ కూడా నాకు చిన్ననాడు నేర్పింది.