తాళమును కాగితమున కెక్కించిన కథ

గడచిన వార్షికోత్సవమునకు పాటలు సిద్ధపరచునపుడు మాకు కలిగిన యనుభవమును సోదర విద్యార్థులకు తెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు మా తెలివికంటె మా పొరపాటే యెక్కువగా కనబడును. దానిని దాచుకొనినచో మా వెనుక వచ్చువారును అదే పొరపాటు చేయుదురు గనుక, సిగ్గు విడిచి చెప్పెదము.

మా పాఠశాల గాయకబృందమునకు అనేక సంవత్సరములుగా ఒక వృద్ధులు ఢోలక్కు వాయించుచున్నారు. మేమందరము వారిని తాతగారని పిలుతుము. వారు పుస్తకము చూచి నేర్చినవారు కారు. ఎవరికిని వ్రాసి నేర్పినవారును కారు. నిరుడు చలికాలమున వారి కుడిచేతి వ్రేళ్లు పట్టు తప్పసాగెను. ఆ తాళము వారి చేతితోనే పోవునేమోయని మాకు భయము కలిగెను. పదవ తరగతి ముగియగానే మేమును వెడలిపోవలసినవారమే. కావున దానిని ఎట్లయినను కాగితముపై నుంచి, ఎనిమిదవ తరగతి పిల్లల కప్పగింపవలెనని మేము నలుగురము నిశ్చయించుకొంటిమి.

మా పాఠశాలలో ఎలక్ట్రానిక్ ప్యాడు ఒకటి యున్నది. అది మెత్తని దెబ్బకును పలుకునట్లు సరిచేయవచ్చును గనుక తాతగారి చేతికి శ్రమ తగ్గెను. ఆ ప్యాడును కంప్యూటరుతో కలుపునది మిడి యను పద్ధతి. వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదాని మాట నొకటి గ్రహించుటకై ఇది 1983లో ఏర్పడినది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుటారో కకెహాషి దీనికి మూలపురుషులు. వారిరువురకును 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారము లభించెను. మిడిలో ధ్వని యుండదు. ఏ దెబ్బ, ఎప్పుడు, ఎంత బలముతో పడినదను సంగతులు మాత్రమే అంకెలుగా నుండును. దెబ్బ బలమునకు 1 మొదలు 127 వరకు అంకె వేయుదురు. తరగతి హాజరుపట్టీలో ఎవరు ఏనాడు వచ్చిరో తెలియును గాని వారి ముఖము కనబడనట్లే, ఇదియు.

ఆ ముఖమును మేము వేరుగా సంపాదింపవలసి వచ్చెను. ప్యాడులో నున్న ఢోలక్కు ధ్వని తాతగారికి నచ్చలేదు. చేయి బాగుండిన యొక ఉదయమున వారిచేతనే నిజమైన ఢోలక్కుపై ఒక్కొక్క దెబ్బను వేయించి మైకుతో పట్టుకొంటిమి. మెల్లని దెబ్బ, మధ్యమపు దెబ్బ, గట్టి దెబ్బ వేరువేరుగా తీసికొంటిమి; ఏలయన మెల్లని దెబ్బను ఎంత పెద్దది చేసినను అది గట్టి దెబ్బ కానేరదు, దాని నాదమే వేరు. ప్రతి ధ్వనికిని ముందున్న నిశ్శబ్దమును కత్తిరించితిమి. అది మిగిలియున్నచో, చేయి సమయమునకు పడినను ధ్వని జాగుగా వినబడును.

తరువాత చెవిలో టిక్కుటిక్కుమను కాలసూచికను వినిపించుచు వారిచేత ప్యాడుపై పాట తాళమును వాయింపజేసి, దానిని అయిదు గీతల స్వరపత్రముగా తెరపై చూచితిమి. చూచి నివ్వెరపోతిమి! కంప్యూటరు దానిని పియానో పాటగా భావించినది. మిడిలో 36వ అంకె వాద్యభాగమున పెద్ద డ్రమ్మునకును, 38వది స్నేరు డ్రమ్మునకును గుర్తు. మేమును ఢోలక్కు ఎడమప్రక్క దెబ్బకు 36ను, కుడిప్రక్క దెబ్బకు 38ని ఇచ్చియుంటిమి. పియానోకు అవియే మిక్కిలి క్రిందిస్థాయి స్వరములు గనుక, దెబ్బలన్నియు గీతలకు దిగువను నూతిలో పడినట్లుండెను. సంగీతపు మాస్టరుగారు నవ్వి, దీనిని తాళవాద్యముల పత్రముగా మార్చుడని చెప్పిరి. మార్చగా దెబ్బలు తమ తమ గీతలకు చేరెను. అయినను ప్యాడు దెబ్బ క్షణములో ముగియును గనుక, సన్నని స్వరముల నడుమ విరామచిహ్నములు చీమలబారువలె నిండియుండెను. ఇక్కడనే మేము తొందరపడితిమి.

కాలమును సరిదిద్దు ఆజ్ఞ యొకటి కంప్యూటరులో కలదు. మా కంప్యూటరు ఒక్కొక్క మాత్రను 480 భాగములు చేయును. మేము మాత్రను నాలుగు సమభాగములుగా నెంచి, ప్రతి దెబ్బను దగ్గరి భాగమునకు జరుపుమని యాజ్ఞాపించితిమి. పత్రము అద్దమువలె శుభ్రపడెను. దాని శిరస్సున తాతగారి పేరు పెద్ద అక్షరములతో వ్రాసి పిల్లలకు పంచితిమి. వారు రెండు వారములు సాధన చేసిరి.

పాట కలిపిన దినమున తాతగారు వచ్చి కూర్చుండిరి. పిల్లలు వాయింపగా పాట నడక కుంటుపడెను. తాతగారు ఆపుమని, వాయించిన బాలుని దగ్గరకు పిలిచి తొడపై వాయించి చూపిరి. ఆ బాలుడు పత్రము ముందుకు చాచి, "కాగితంలో ఇలాగే ఉంది తాతా" అనెను. తాతగారు కాగితమును చేతికి తీసికొనిరి. తమ పేరు తప్ప అందేమియు వారికి చదువ రాదు. కొంతసేపు దానినే చూచి, "అయితే నా పేరు తీసెయ్యండి నాయనా" అనిరి. కోపముతో అనలేదు. అందువలననే మాకు తలయెత్త శక్యము కాలేదు.

ఆ సాయంకాలము కారణము వెదకితిమి. వారి తాళము "తకిట" నడకది. మాత్రలో మూడు దెబ్బలు. అవి 0, 160, 320 భాగములవద్ద పడవలెను. మా గళ్లు "తకధిమి" గళ్లు. 0, 120, 240, 360. కాబట్టి 160వద్ద పడిన దెబ్బ 120నకును, 320వద్ద పడినది 360నకును ఈడ్వబడెను. కంప్యూటరు తప్పు చేయలేదు. మేము చెప్పినదే చేసెను. తాతగారిని అడుగవలసిన యొక్క ప్రశ్నను మేము అడుగలేదు.

సరిదిద్దకముందు వాయించిన ప్రతిని వేరుగా దాచియుంచుటయే మేము చేసిన మంచిపని. ఈమారు మాత్రను మూడుగా విభజించితిమి. అదియును తెరపై చూపు పత్రమునకు మాత్రమే వర్తింపజేసి, వాయించిన దెబ్బల కాలమును, బలమును ముట్టుకొనలేదు. చదువుటకు పత్రము సులభము కావలెను గాని, అందుకై వాయించినదానిని దిద్దనక్కరలేదని అప్పటికి తెలిసినది. పల్లవికి ముందు చివరి దెబ్బను వారు ఇంచుక ఆగి వేయుదురు. దానిని చిహ్నములలో బంధింపక, "ఇచ్చట కొంచెము జాగుచేయవలెను, ధ్వనిముద్రణ వినుడు" అని పైన తెలుగున వ్రాసితిమి.

మరునాడు ఆ పత్రమును చూచుచు తాతగారి యెదుట చేతులతో తాళము వేసితిమి. వారు కన్నులు మూసికొని రెండుమారులు విని, "ఇప్పుడు పేరు ఉండనియ్యండి" అనిరి.

వార్షికోత్సవమున ఆ బాలుడే వాయించెను. పత్రమును, ధ్వనిముద్రణయు సంగీతపు గది బీరువాలో నున్నవి. వానిని తెరచు తమ్ములకు, చెల్లెండ్రకు మా మనవి యొక్కటియే: మొదట తాతగారిని చూచి రండు. వారి యిల్లు పాఠశాల వెనుక వీధిలోనే యున్నది.