కమీషను కొలువు

ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట పుట్టిన కాలమునందును స్త్రీలు నాట్లు వేయుచు, పాలు పెరుగు అమ్ముచు, రవికలు కుట్టుచు సంసారములను నడుపుచునే యుండిరి. వారి పనికి ఉద్యోగమను పేరు లేకపోయినది, అంతియే. నేడు ఆ పేరు మనకును లభించినది. కాని దానితోపాటు ఒక క్రొత్త చిక్కు వచ్చినది. నెల తిరుగునప్పటికి చేతికి ఎంత వచ్చునో ముందుగా తెలియని కొలువులు మన ఊళ్లలో పెక్కు గలవు. "జీతము కొంచెమే, కమీషను మాత్రము మీ చేతిలోనే యున్నది" అని పిలుచు కొలువులవి. అట్టి కొలువొకటి నాకు దొరకినప్పుడు ఏమేమి ఆలోచించితినో, తుదకెట్లు నిశ్చయించుకొంటినో సోదరీమణులకు విన్నవింతును. ఈ ప్రశ్న మీలో కొందరి యిండ్లలోనైనను రేపో మాపో పుట్టకపోదు.

మాది విజయవాడలో సింగునగరు. మావారు ఆటోనగరులోని యొక స్పేరుపార్టుల దుకాణమున గుమాస్తా. జీతము 16,000 రూపాయలు. అత్తగారు మాతోనే యున్నారు. అమ్మాయి ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. నేను ఇంటివద్ద రెండు మిషనులు పెట్టుకొని బట్టలు కుట్టుచుంటిని. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి మా పేటను ముంచినప్పుడు ఒక మిషను పాడయిపోయినది. ఇరుగుపొరుగువారిలో కొందరు ఇండ్లు మారి వెడలిపోయిరి. వారితో నా కుట్టుపనియు సగము పోయినది. నాటినుండి నెలకు 5,000 రూపాయలు వచ్చుటయే గగనమైనది. ఇంటి ఖర్చు, అమ్మాయి చదువు, డ్వాక్రా అప్పు వాయిదా కలిసి 24,000 అగుచున్నది. అనగా ప్రతినెలయు 3,000 రూపాయలు లోటు. ఆ లోటును ఒక నెల చేబదులుతోను, ఒక నెల చీటిపాటతోను పూడ్చుచు వచ్చితిమి.

2025 దసరా వెళ్లిన పిమ్మట, జాతీయరహదారి ప్రక్కనున్న యొక కార్ల షోరూమున అమ్మకపు పనికి స్త్రీలను తీసికొనుచున్నారని తెలిసినది. మావారు నేర్పగా కారు నడుపుట నాకు వచ్చును. లైసెన్సును కలదు. వెళ్లి మేనేజరుగారిని కలిసితిని. వారు మర్యాదగనే మాటలాడిరి. స్థిరమైన జీతము 13,000. నెలలో మొదటి రెండు కార్లకు కమీషను లేదు. మూడవ కారునుండి అయిదవ కారు వరకు ఒక్కొక్కదానికి 1,500, ఆరవదానినుండి 2,500. కొనినవారు ఇన్సూరెన్సును, అప్పును, యాక్సెసరీలను షోరూము ద్వారానే తీసికొన్నచో మరికొంత. "మా వద్ద నలువదివేలు తీసికొనువారున్నారమ్మా" అని వారు సెప్టెంబరు, అక్టోబరు నెలల లెక్కలు చూపిరి.

ఇంటికి వచ్చునప్పటికి నా తలలో ఆ నలువదివేలే తిరుగుచుండెను. ఉన్న మాట చెప్పవలెను కదా! కాని మిషను ముందు పదునైదేండ్లు కూర్చున్నదానను. శ్రావణమాసమున వచ్చిన డబ్బు చూచి సంవత్సరమంతయు అట్లే వచ్చుననుకొను దర్జీ ఎవ్వరును లేరు. ఆ అనుభవమే నన్ను నిలిపినది.

మేనేజరుగారు చూపిన రెండు నెలలు ఎట్టివో చూడుడు. 2025 సెప్టెంబరు 22వ తేదీన చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. దానిపై నుండిన సెస్సును పోయినది. నవరాత్రులు మొదలైనదియు ఆనాడే. ధర తగ్గునని అంతవరకు ఆగియున్నవారును, పండుగకు కొనువారును ఒక్కుమ్మడి వచ్చిపడిరి. అట్టి నెల తఱచు రాదు. దానిని కొలతబద్దగా పెట్టుకొనుట పెండ్లినాటి విస్తరి చూచి నిత్యము అదే భోజనమనుకొనుట వంటిది.

కారు అమ్మకమునకు పంచాంగముతో గల సంబంధము మనకు తెలియనిది కాదు. దసరాకు, ధనత్రయోదశికి, ఉగాదికి కొందురు. ఆషాఢమున కొనరు, మూఢమున కొనరు. మా అత్తగారు క్రొత్త క్యాలెండరు తిరుగవేసి, "అమ్మాయీ, 2026లో జ్యేష్ఠం అధికమాసం. అది గడిచి నిజజ్యేష్ఠం వెళ్లగానే ఆషాఢం. ఆ రోజుల్లో నీ కారెవరు కొంటారే?" అని యడిగిరి. షోరూములో ఎవ్వరును నాకు చెప్పని మాట అది.

ఒకప్పుడీ వృత్తికి ఇంత శ్రమ లేదు. అంబాసిడరు, ప్రీమియరు పద్మిని దినములలో కారు కావలసినవాడు డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియుండెడివాడు. అమ్మువాడు ఎవ్వరిని బ్రతిమాలనక్కరలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. 1991 తరువాత ఇతర దేశముల కంపెనీలును వచ్చినవి. నేడు ఒక్కొక్క వీధిలో నాలుగు షోరూములు గలవు. వేచియుండు వంతు ఇప్పుడు అమ్మువానిది. కొనువాడు రాని నెలయొక్క నష్టమును షోరూము యజమాని యొక్కడే భరింపక, అందు కొంత అమ్మువాని యింటిపై వేయుటయే కమీషను ఏర్పాటు. దానిని నేను అన్యాయమనను. వ్యాపారమట్లే నడచును. అయితే, ఆ నష్టము మన వంటింటివరకు వచ్చునప్పుడు, దానిని మోయు శక్తి మనకు గలదా యని ముందుగనే చూచుకొనవలెను.

అందుచేత మంచి నెల లెక్క విడిచి చెడ్డ నెల లెక్క వేసితిని. ఒక్క కారైనను అమ్మలేదనుకొందము. 13,000లో ప్రావిడెంటుఫండు 12 శాతము, అనగా 1,560 పోవును. ఈఎస్ఐకి 0.75 శాతము, అనగా సుమారు 98 పోవును. మిగిలినది 11,342. రాకపోకలకు, ఖాతాదారుల ఇండ్లకు తిరుగుటకు పెట్రోలు, ఫోను, ఇస్త్రీబట్టలు కలిపి 2,500 వేసితిని. చేతికి మిగులునది 8,842. మావారి 16,000తో కలిసి 24,842. ఇంటి ఖర్చు 24,000. పదిమంది మెచ్చు లెక్క కాదిది. కాని ఒక్క కారు అమ్మకపోయినను అప్పు చేయనక్కరలేని లెక్క. పైగా ప్రావిడెంటుఫండు మన పేరనే యుండును. ఈఎస్ఐ ద్వారా ఇంటిల్లిపాదికి వైద్యమును దొరకును. కుట్టుపనిలో ఈ రెండును నాకెన్నడును లేవు.

ఇదే షోరూము స్థిరజీతము 8,000 మాత్రమే యిచ్చెదమని, కమీషను రెట్టింపు చేసెదమని చెప్పియుండినచో నేను వెళ్లకుందును. అప్పుడు మంచి నెల ఇంకను మంచిదగును, చెడ్డ నెలలో మాత్రము అమ్మాయి కాలేజీ ఫీజు ఆగిపోవును.

రెండవసారి వెళ్లినప్పుడు మేనేజరుగారిని కొన్ని ప్రశ్నలడిగితిని. నలువదివేలు తీసికొనువారు పదిమందిలో ఎందరు? క్రిందటి సంవత్సరము చేరినవారిలో ఇప్పుడెందరున్నారు? క్రొత్తవారికి మొదటి మూడు నెలలలో ఏమి వచ్చినది? కమీషను బుకింగునాడు లెక్కకు వచ్చునా, కారు ఇంటికి చేరిననాడా? పై అనుమతి లేక తగ్గింపు ఇచ్చినచో ఎవరి జేబునుండి పోవును? నేను మానివేసినచో రావలసిన కమీషను ఇచ్చెదరా? వారు కొన్నిటికి చెప్పిరి, కొన్నిటికి నవ్విరి. నవ్విన ప్రశ్నలకు జవాబులు, అక్కడ పనిచేసి మానిన యొక అమ్మాయిని అడిగి తెలిసికొంటిని. కారు డెలివరీ అయిన పిదపనే లెక్కయట. కమీషను మరుసటి నెలలో వచ్చునట. మధ్యలో మానినవారికి అది తఱచుగా చేరదట.

ఈ చివరి మాటనుగూర్చి చట్టమేమి చెప్పుచున్నదో మావారి స్నేహితుడొకరు చూచి చెప్పిరి. 2025 నవంబరు 21నుండి క్రొత్త కార్మికచట్టములు అమలులోనికి వచ్చినవి. పనిలో చేరినవారికి నియామకపత్రము ఇచ్చి తీరవలెను. పని మానినవారికి రావలసిన వేతనమును రెండు పనిదినములలో ఈయవలెను. అయితే ఆ చట్టపు నిర్వచనములో కమీషను సామాన్యముగ వేతనము క్రిందికి రాదు. కాబట్టి కమీషను సంగతి నోటిమాటగా నుండరాదు. కారుకెంత, ఏనాడు ఇత్తురు, మానినచో ఏమగును అనునవి కాగితముపై నుండవలెను. సోదరీమణులు ఈ సంగతిని ముఖ్యముగ గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన.

డబ్బు లెక్క యిట్లు తేలినది. మనసు లెక్క ఇంకను మిగిలినది. చేరినవెంటనే నాకు తెలిసినవారి పేర్లు నూరు వ్రాసి ఈయవలెనట. బంధువులు, డ్వాక్రా సంఘమువారు, నా చేత బట్టలు కుట్టించుకొనినవారు, అందరును అందుండవలెనట. మన తెలుగువారి మొహమాటము ఎట్టిదో మీకు తెలియును. చీటీలు కట్టించువారికిని, పాలసీలు చేయించువారికిని మనము ఎన్నిమారులు "కాదు" అనలేక "ఔను" అంటిమో లెక్కలేదు. తరువాత వారు వీధి మలుపున కనబడగానే తలుపు వేసికొనినవారమును మనమే. పట్టుచీర యైనచో ఒక పండుగతో మఱతుము. కారు అట్టిది కాదు. మొహమాటమునకు కొనిన కారు ఏడేండ్లు ఆ యింటి అన్నములో వాటా అడుగును.

అప్పు సంగతియు నిట్టిదే. 9.5 శాతము వడ్డీకి 6,00,000 రూపాయలు తీసికొన్నచో, అయిదేండ్లకు నెలవాయిదా సుమారు 12,600, ఏడేండ్లకు సుమారు 9,800. అమ్మువారు రెండవదానినే ముందు చెప్పుదురు. చిన్న అంకె చెవికి ఇంపుగా నుండును. కాని ఏడేండ్లలో కట్టు వడ్డీ, అయిదేండ్ల వడ్డీకంటె సుమారు 67,000 ఎక్కువ. ఇన్సూరెన్సును షోరూములోనే తీసికొనవలెనను నిర్బంధమును లేదు, బయట తీసికొనవచ్చును. ఈ మాటలు చెప్పినచో నా కమీషను కొంత తగ్గును. చెప్పకున్నచో వచ్చిన గృహిణికి నేను చేసినది మోసము కాదని నన్ను నేను సమాధానపరచుకొనలేను. లోటులో సంసారము నడుపుట యెట్టిదో నాకు తెలిసియుండగా ఇంకొకరి యింట లోటు పెట్టి నా లోటు పూడ్చుకొనుట ఎట్లు?

ఒక రాత్రి భోజనములైన పిమ్మట నలుగురము కూర్చుంటిమి. షోరూములో ఆదివారమే రద్దీ, సెలవు మరియొకనాడు. దసరానాడు నేను ఇంట నుండను. రాత్రి ఎనిమిది దాటిగాని రాలేను. అమ్మాయి, "నేను చదువుకోగలనమ్మా, నువ్వు వెళ్లు" అన్నది. మావారు రాత్రివంట తామే చేసెదమనిరి. అత్తగారు కొంతసేపు ఊరకుండి, "దసరా పిండివంటలు అష్టమినాడే చేసుకుందాం. అమ్మవారు ఏమనుకోదు. కాని మిషను మాత్రం అమ్మకే" అనిరి.

ఆ మాటనే నేను కడవరకు పట్టుకొంటిని. మిషను అమ్మను. ఆరు నెలలు గడువు పెట్టుకొంటిని. ఆ ఆరు నెలలలో అధికమాసమును చేరియున్నది, కాబట్టి చెడ్డ నెలయు నాకు తెలిసిపోవును. నూరు పేర్ల జాబితా ఈయనంటిని. షోరూమునకు తమంత వచ్చినవారికే అమ్మెదనంటిని. వాయిదాలు రెండును చెప్పెదనంటిని. మేనేజరుగారు, "మీ ఇష్టమమ్మా, టార్గెటు మాత్రం అందరికీ ఒకటే" అనిరి. న్యాయమే. నియామకపత్రముతోపాటు కమీషను పట్టికయు సంతకముతో చేతికిచ్చిరి. 2026 సంక్రాంతి వెళ్లిన పిమ్మట పనిలో చేరుటకు నిశ్చయించితిని.

నా నిర్ణయము అందరికి తగునని చెప్పను. ఇంట మరియొకరి జీతము లేని సోదరికి ఇదే కొలువు తగకపోవచ్చును. అప్పు లేని సోదరికి ఇంతకంటె తక్కువ స్థిరజీతమైనను తగవచ్చును. మీ ఇంటి ఖర్చు మీకు తెలిసినంతగా ఏ మేనేజరుకును తెలియదు. కాబట్టి కమీషను కొలువు చూపి పిలిచినవారిని, మంచి నెలలో ఎంత వచ్చునని గాక, ఏమియు అమ్మని నెలలో ఎంత వచ్చునని మొదట అడుగుడు. వారు చెప్పిన దానితో మీ యింట ఆ నెల పొయ్యి వెలుగునేని, పిదప తక్కిన మాటలు మాటలాడుకొనవచ్చును.