ఆరు రూపాయల ఎత్తు

మా అత్తగారికి ఇద్దరు కుమార్తెలు. పెద్దయామెకు 1956లో శ్రీముఖలింగమున మా యింటి వాకిటనే పెండ్లి జరిగినది. అప్పుడామెకు ఆరు తులముల నాను పెట్టిరి. మేమప్పటికి ఆ యింట నడుగు పెట్టలేదు. రెండవయామె పెండ్లి 1974లో. అత్తగారికి చూపు మందగించినందున తాళపుచెవులు మా చేతికి వచ్చియుండెను. "అక్కకు పెట్టినంతయే చెల్లికిని పెట్టవలెను. ఆరు తులములలో గురిగింజయెత్తు తగ్గరాదు" అని యామె చెప్పగా, మేమే శ్రీకాకుళము పోయి, ఒక దుకాణమున ఆరు తులములని చెప్పి నాను చేయించి తెచ్చితిమి.

ఇరువదియేండ్లకు పైగా ఎవరికిని ఏ యనుమానమును లేకుండెను. అత్తగారును గతించిరి. ఒక కార్తికమాసమున అక్కచెల్లెండ్రిరువురును మధుకేశ్వరస్వామి దర్శనమునకు వచ్చి, వంశధారలో స్నానముచేసి, మా యింట నాలుగు దినములుండిరి. మెరుగు పెట్టించుటకై రెండు నానులను ఒకే కంసాలి చేతికిచ్చిరి. త్రాసున పెద్దయామెది 69 గ్రాముల పైచిలుకు తూగినది. చిన్నయామెది 60కి రవంత లోపు.

"వదినా, అమ్మ నాకును ఆరే చెప్పినది కదా?" అని చిన్నయామె అడిగినది. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. అనినను బాగుండెడిది. తొమ్మిది పది గ్రాముల బంగారము! తాళపుచెవులు ఎవరి కొంగున నుండెనో బంధువులందరకును తెలియును. సాక్ష్యము చెప్పవలసిన యామె లేకపోయెను. కోడలి బ్రతుకులో ఇట్టి మౌనమును ఎరిగిన సోదరీమణులకు ఆ రాత్రి మాకు అన్నమేల సహింపలేదో చెప్పనక్కరలేదు.

మరునాడు దేవుని పెట్టెలో పాతకాగితములు వెదకుచుండగా ఆనాటి దుకాణపు చీటియు, దాని క్రింద అత్తగారి ముడుపు మూటయు కనబడినవి. చీటిలో 6 తులములనియు, దాని ప్రక్కనే 60 గ్రాములనియు వ్రాసియున్నది. వెల కట్టినదియు ఆ 60 గ్రాములకే. మూటలో విక్టోరియా రాణి ముఖముగల పాత వెండి రూపాయలున్నవి. అత్తగారు తులమనుటకు మారుగా "రూపాయి ఎత్తు" అనెడివారు. అది ఊరక అన్న మాట కాదు. 1835 నుండి కుంపిణీవారి రూపాయి సరిగా 180 గ్రెయినుల బరువున ముద్రింపబడుచుండెను. తులము బరువును అంతియే. పూర్వము ఇంటింట రూపాయి బిళ్లయే తూకపు రాయి.

కంసాలిని పిలిపించి ఒక తట్టలో ఆరు రూపాయలు వేయించితిమి. పెద్దయామె నాను వేయగా ముల్లు ఇంచుమించు నిలిచినది. చిన్నయామెది వేయగా తట్ట పైకి లేచినది. "అమ్మా, పాత తులము 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణములలో పది గ్రాములనే తులమనుచున్నారు" అని కంసాలి చెప్పెను. పాత లెక్కను ఆరు తులములకు 70 గ్రాములు కావలెను. మెడను అరిగినది పోగా పెద్దయామె లెక్క సరిపోయినది.

తూనికల చట్టము వచ్చినది 1956లోనే, అనగా పెద్దయామె పెండ్లియేటనే. 1958 అక్టోబరు నుండి కొన్ని ప్రాంతములలో కిలోగ్రాములు ప్రవేశపెట్టిరి. 1962 నాటికి దేశమంతటను అవియే చెల్లవలసినవైనవి. కాని జనుల నోట తులము పోలేదు. లెక్క సుళువగునని దానినే పదికి కుదించిరి. దుకాణదారు మోసగించెనని మేమనజాలము. అడుగకపోవుట మా తప్పు.

మా యూరికి తూనికల మార్పు క్రొత్త కాదు. ఆలయశాసనములలో అఖండదీపములకు మాడలిచ్చిన దాతలున్నారు. వానిని చదివిన గిడుగు రామమూర్తిగారు ఇచ్చటికి సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించినవారే. (మేము వ్రాయు ఈ భాషను చూచిన వారు మందలించియుందురు!)

బంగారము మాట అటుండ వంటయింట మేము చేసిన ఘనకార్యమును చెప్పవలెను. అత్తగారి పుస్తకములో ఆవకాయకు ఉప్పు శేరు, కారము పదలము, ఇట్లు వ్రాసియుండును. ఒక పట్టికలో శేరు 933 గ్రాములని చూచి మేమంత ఉప్పును పోసితిమి. అది 80 తులముల ఉత్తరాది శేరు. మన శేరు 24 తులములే, అనగా 280 గ్రాములు. అట్టి శేర్లు అయిదైన వీశె, 1,400 గ్రాములు. వీశెలో నాల్గవవంతు పదలము 350, అందు సగము ఏబలము 175. ఆ యేటి ఆవకాయను ఆవు సైతము ముట్టలేదు. ఈ అంకెలను అప్పుడే అలమర తలుపు లోపల వ్రాసిపెట్టితిమి.

మిగిలిన పది గ్రాములకు మరుసటి సంక్రాంతికి ఉంగరము చేయించి చిన్నయామెకు పంపితిమి. నాడు 60 గ్రాములకే సొమ్మిచ్చితిమి గనుక మిగిలిన వెల మా యింటనే ఉండిపోయినది కదా. ఆమె మొదట వలదని, పిమ్మట పెట్టుకొనెను. మాటలు యథాప్రకారము సాగుటకు మాత్రము మరి రెండేండ్లు పట్టినది.

ఆమె మనుమరాలు అమెరికాలో పుట్టినపుడు 7 పౌనుల 4 ఔన్సులున్నదని వార్త వచ్చినది. "ఎన్ని తులములు వదినా?" అని ఫోనులో అడుగగా, "పాతవా, క్రొత్తవా?" అంటిమి. ఇరువురమును చాలసేపు నవ్వితిమి. పిల్ల 3 కిలోల 290 గ్రాములున్నది, పౌను 453.6 గ్రాములు.

ఆ పిల్ల ఆరవయేట ఇచ్చటికి వచ్చి జ్వరపడినది. వైద్యశాలలో బరువెంతయని అడుగగా తల్లి "నలుబదినాలుగు" అనెను. చీటి వ్రాయు పిల్ల 44 అని వ్రాసి ప్రక్కన కి.గ్రా. అని చేర్చబోయెను. 1983 జూలై 23న కెనడాలో ఇంధనమును కిలోలకు మారుగా పౌనులలో లెక్కించి ఎగిరిన విమానము నడిమింట ఇంజనులాగి, గిమ్లీయను చోట తేలుచు దిగవలసివచ్చినది; ప్రాణనష్టము లేదు. పిల్లలకు జ్వరపు మందు బరువునుబట్టియే ఇత్తురు. 44 పౌనులనగా 20 కిలోలు. కిలోలని వ్రాసినచో మోతాదు రెండింతలు దాటును.

మేము నోరు తెరచునంతలోనే మా ఆడపడుచు లేచి, ఆ పిల్ల చేతిలోని కలమును పట్టుకొని, "ఆగవమ్మా, ఏ నలుబదినాలుగు?" అని అడిగినది.