వెదురు బద్దల నక్షత్రం

కృష్ణా డెల్టాలో సార్వా వరికోతలు ముగిసే రోజుల్లోనే క్రిస్మస్ వస్తుంది కనుక, పామర్రు పరిసర గ్రామాల్లో పండుగ అలంకరణకు కావలసిన సరుకు చాలావరకు పొలంగట్టునే దొరుకుతుంది. క్రీస్తు జననదృశ్యాన్ని బొమ్మలతో చూపే పశువులపాకకు కొత్త వరిగడ్డి, నాలుగు తాటాకులు చాలు. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ ఏర్పరచిన దృశ్యంలోనూ ఉన్నవి గడ్డి, ఎద్దు, గాడిదలే.

అసలైన పనితనం కనిపించేది నక్షత్రంలో. సమానమైన అయిదు వెదురు బద్దలను ఒకదానిపై ఒకటి అడ్డంగా వేసి కడితే అయిదు కోణాల చట్రం ఏర్పడుతుంది; అలాంటి రెండు చట్రాల కొసలను దారంతో బిగించి, లోపలి వైపు బద్దలు కలిసే అయిదు చోట్లా జానెడులో సగం పొడవున్న పుల్లలను నిలిపితే, మధ్యభాగం ఉబ్బి, దీపం పట్టేంత చోటు మిగులుతుంది. ఆపై మైదాపిండి ఉడికించిన జిగురుతో పల్చని రంగుకాగితం అంటిస్తారు. జిగురు ఆరేకొద్దీ కాగితం బిగుసుకుంటుంది కాబట్టి, అంటించేటప్పుడే లాగి పట్టడం పొరపాటు, చిరిగిపోతుంది. బల్బు మార్చడానికి వెనుక ఒక ముక్కోణాన్ని మూయకుండా వదలాలి.

1841లో క్రైస్తవ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దిగిన మచిలీపట్నం ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆ తీరంలో వేళ్లూనిన క్రైస్తవం పండుగను ఈ నేల సరుకుతోనే చేసుకోగలదు. అంగడి ప్లాస్టిక్ నక్షత్రం కొనేముందు, ఈ ఏడాది ఒక్కటైనా ఇంటి పిల్లల చేత కట్టించండి.