ఊరంతా కలిసి... చర్చిని అలికేస్తారు!

జూన్ వచ్చిందంటే ఆ ఊళ్లో చర్చి ముందు మట్టి కుప్పలు పోస్తారు. కొందరు అందులో గడ్డి, నీళ్లు వేసి కలుపుతుంటే, ఇంకొందరు బకెట్లు అందిస్తుంటారు. పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అందరి చేతులకూ బురదే. సంక్రాంతి ముందు మన పల్లెల్లో ఇల్లు అలికినట్టు, వాళ్లు ఏకంగా చర్చినే అలికేస్తారు!

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, టావోస్ పట్టణానికి కాస్త దక్షిణంగా ఉంటుంది రాంచోస్ డి టావోస్. అక్కడి శాన్ ఫ్రాన్సిస్కో డి అసీస్ చర్చి రెండు వందల ఏళ్ల నాటిది. ఎండలో ఆరబెట్టిన మట్టి ఇటుకలతో స్పెయిన్ పాలనలో కట్టారు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ఆ గోడల్ని బొమ్మలుగా వేస్తే, ఆన్సెల్ ఆడమ్స్ ఫొటోలు తీశారు.

‘ఏటా ఈ చాకిరీ ఎందుకు, ఒక్కసారి సిమెంటు పూసేస్తే పోలా?’ అనుకున్నారు 1967లో. పూసేశారు. పైకి గోడలు గట్టిగానే కనిపించాయి. లోపలి కథ వేరు. సిమెంటుకు పడ్డ సన్నటి పగుళ్లలోంచి వాన నీరు, కరిగిన మంచు గోడలోకి దిగాయి. దిగిన తడికి బయటపడే దారి లేదు. మట్టి ఇటుక నానితే ఇక బలమెక్కడిది? 1970ల చివర్లో అసలు సంగతి బయటపడింది. సిమెంటంతా ఒలిచి, పాడైనచోట బాగుచేసి, మళ్లీ మట్టిపూతకే వచ్చారు.

మట్టిపూత కూడా తడుస్తుంది. కానీ ఎండ రాగానే ఆరిపోతుంది. వానకు కొట్టుకుపోయేది పైపూతే, ఇటుక కాదు. పోయినదాన్ని మళ్లీ జూన్‌లో వేసుకుంటారు. ఈ పనిని అక్కడ ‘ఎన్‌హార్రే’ అంటారు. న్యూ మెక్సికోలో ఇందులో చేయి తిరిగినవాళ్లు తరతరాలుగా ఆడవాళ్లే.

గాలి వేరు... ఆవిరి వేరు!

గోడ ఆరాలంటే సందులు వదిలేయమని కాదు. చలి ప్రాంతాల్లో వంట, స్నానాలు, మనుషుల ఊపిరితో ఇంట్లోని వెచ్చటి గాలిలో తేమ చేరుతుంది. ఆ గాలి కిటికీ పక్క సందులోంచి గోడలోకి దూరితే, చల్లటి చోట నీళ్లయిపోతుంది... ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు. పూత గుండా మెల్లగా దాటే ఆవిరికన్నా ఇలా సందుల్లోంచి చేరే తేమే ఎక్కువ. గడ్డిమోపులతో కట్టిన గోడలైతే కుళ్లిపోతాయి కూడా.

అందుకే అలాంటి ఇళ్లు కట్టేవాళ్లు నేల నుంచి కప్పు దాకా పగుళ్లు లేకుండా మట్టిపూతో సున్నంపూతో వేస్తారు. తలుపులు, కిటికీల చుట్టూ సందులు మూసేస్తారు. దాంతో గాలి ఆగుతుంది, ఆవిరి మాత్రం నెమ్మదిగా దాటుతుంది. వాన తగలకుండా వెడల్పాటి చూరు, నేల చెమ్మ ఎక్కకుండా ఎత్తైన పునాది ఎలాగూ ఉండాల్సిందే.

తాతల నాటి మట్టిగోడల ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవాళ్లు, సిమెంటు బస్తా కొనేముందు రాంచోస్ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.